మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో, చిన్నపిల్లాడితో అడవి నడక అంటే కోరంగే

రాజమండ్రి నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చేలా, ఎక్కుడు దిగుడు లేకుండా, ఏటి పక్కన చెట్ల మధ్య నడిచే చోటు కావాలన్నారు. వెంట మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు, ఆరేళ్ల బాబు ఉంటారన్నారు. ఎవరినడిగినా మారేడుమిల్లి అనే చెబుతారు. బాగుంటుంది, కాదనను. కానీ ఘాట్ రోడ్డు మీద ప్రయాణానికే సగం ఓపిక అయిపోతుంది, దిగాక మళ్లీ ఎత్తుపల్లాలే. మీకు సరిపోయేది కోరంగి మడ అడవి అండి. మాది తాళ్లరేవు వైపే. మా అమ్మకీ మోకాళ్లు అంతంతమాత్రమే, అయినా అక్కడ చెయ్యి పట్టుకోకుండా నడిచింది.

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక, కాకినాడకి 20 కిలోమీటర్ల లోపే వస్తుంది. బోర్డు మీద కోరింగ వన్యప్రాణి అభయారణ్యం అని ఉంటుంది. గేటు దగ్గర టికెట్ తీసుకుని లోపలికెళితే బురద మీద గుంజలు పాతి వేసిన చెక్కబాట. అటూ ఇటూ మడచెట్లు. బాట సమంగానే ఉంటుంది, మెలికలు తిరుగుతూ కోరంగి ఏటి ఒడ్డుకి చేరుస్తుంది. ఈ ఏరు గోదావరి గౌతమి పాయలోంచి చీలి వచ్చిందే. అక్కడక్కడా పలకలు కదులుతుంటాయి, వానపడితే జారతాయి. అమ్మగారికి హవాయి చెప్పులు వద్దు, పట్టున్నవి వేయించండి.

నడవడమే లెక్కైతే అరగంట పని. అందుకే కొందరు సెల్ఫీలు దిగేసి, ఏముంది ఇక్కడ, బురదేగా అంటూ తిరిగొస్తారు. వాళ్లు చాలావరకు పోటు మీద వెళ్లినవాళ్లే. సముద్రం పోటు మీదున్నప్పుడు నీళ్లు చెట్ల మొదళ్ల దాకా వచ్చేస్తాయి, చూడాల్సిందంతా నీళ్ల కిందే ఉండిపోతుంది. పాటు తీసి నీళ్లు దిగుతున్నప్పుడు వెళ్లాలి. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కాబట్టి మొన్న వెళ్లినవాళ్లు చెప్పిన టైము మీకు పనికిరాదు. ఫోన్‌లో కాకినాడ ఆటుపోట్ల పట్టిక చూసుకోండి. ఏటి లోపలికి ఆ మార్పు కొంచెం ఆలస్యంగా అందుతుంది, అదీ కలుపుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి రోజుల్లో ఆ తేడా తక్కువ.

నీళ్లు దిగాక బాబుకి ఇక వేరే ఆటవస్తువు అక్కర్లేదు. బురద మీద గెంతే చేపలుంటాయి, కళ్లు నెత్తిమీదే ఉంటాయి వాటికి. ఒక డెక్క మాత్రం ఒంటికి మించి ఎదిగిన చిన్న పీతలుంటాయి, అవి మగవి. ఆ డెక్క ఊపుతూ పెళ్లిలో బావమరిదిలా హడావిడి చేస్తుంటాయి. అడుగు చప్పుడైతే అన్నీ ఒక్కసారిగా బొరియల్లో దూరిపోతాయి. రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే మళ్లీ బయటికొస్తాయి. కాబట్టి నడక తక్కువ, నిలబడడం ఎక్కువ. అమ్మగారికి మడిచే స్టూలు ఒకటి తీసుకెళ్లండి, నడక కన్నా నిలబడడమే మోకాళ్లకి బాధ.

బురదలోంచి నిటారుగా పైకి లేచినవి మొక్కలు కావు, మడచెట్టు వేళ్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి అవి పైకొచ్చి ఊపిరి తీసుకుంటాయి. ఉప్పుపొన్న అనే ఇంకో రకం మడచెట్టు దారి వేరు, దాని వేళ్లు కాండం మీంచే వంపు తిరిగి బురదలోకి దిగుతాయి. దాని గింజ చెట్టునుండగానే మొలకెత్తి, పొడుగ్గా వేలాడి, తర్వాత రాలుతుంది. మొదట చెప్పిన మడచెట్టు తాగిన ఉప్పుని ఆకు మీంచే బయటికి పంపేస్తుంది. వేలితో రాసి నాలుకకి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. కానీ ఈ పని బాబు చేత సొంతంగా చేయించకండి. పక్కనే తిల్ల చెట్లుంటాయి. ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి, ఒంటికి తగిలితే మంట, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రాలే ముందు దాని ఆకులు ఎర్రబడతాయి, అదొక ఆనవాలు. చిన్నప్పుడు మాకు పెద్దవాళ్లు అడవిలో పాముల గురించి కన్నా తిల్ల పాల గురించే ఎక్కువ చెప్పేవారు.

ఈ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. బావురుపిల్లులు, నీటికుక్కలు ఉన్నాయి గానీ బావురుపిల్లి రాత్రిపూట వేటాడేది, పగలు కనపడుతుందని బాబుకి మాటివ్వకండి. లకుముకి పిట్టలకి, కొంగలకి మాత్రం కొదవ లేదు. చలికాలమైతే వలస పక్షులు కూడా. పాడైపోయిన చోట్ల మడని మళ్లీ పెంచడానికి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీళ్లు లోపలిదాకా పారేలా చేశారు. నీళ్లు ఎక్కి దిగడం ఆగితే ఉప్పు పేరుకుని మడ చచ్చిపోతుంది మరి. 1996 నవంబరు తుఫాను విరుచుకుపడింది ఈ తీరం మీదే. ఉప్పెనకి మడే అడ్డు అని అప్పట్నుంచీ మా ఊళ్లలో మడ నరికేవాణ్ణి ముసలాళ్లే తిట్టిపోస్తారు.

నా లెక్కలో నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వరదల రోజుల్లో ఏరు ఎర్రనీళ్లతో నిండుగా ఉంటుంది, పాటు తీసినా పెద్దగా దిగదు. వేసవిలో ఉక్కపోత భరించలేరు, చెట్లున్నా గాలి ఆడదు. కార్తీకమాసం ఆదివారాలు వద్దే వద్దు, వనభోజనాల జనమంతా అక్కడే. పుష్యమాసం చివర వచ్చే చొల్లంగి అమావాస్య నాడు సముద్ర స్నానాలకి వచ్చేవాళ్లతో రోడ్డే కదలదు.

పడవ షికారు మీ ఇష్టం. ఎక్కడం దిగడం అమ్మగారికి ఇబ్బంది, ఇంజను మోతకి పిట్టలు ఎగిరిపోతాయి కూడా. నేనైతే డబ్బు దండగంటాను, మా మేనల్లుడు మాత్రం ఒప్పుకోడు. దోమల మందు రాసుకుని వెళ్లండి. మంచినీళ్లు ఇంటినుంచే పట్టుకెళ్లి, ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చేయండి, బురదలో పడితే తీసే దిక్కుండదు.

తిరుగు ప్రయాణం కాకినాడ మీంచి కాకుండా ద్రాక్షారామం, రామచంద్రపురం మీదుగా పెట్టుకుంటే కొబ్బరితోటలు, కాలువగట్లు చూస్తూ రావచ్చు. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి గుళ్లో ఆగితే, శివలింగం పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి. కోరంగిలో నడిచిన రోజే అమ్మగారి చేత అవి ఎక్కించొద్దు, కింది నుంచే దణ్ణం పెట్టించండి.