నీ కథలో నానమ్మ ఎందుకు మాట్లాడలేదు?

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు గుంటూరు నుంచి పంపిన కవరు అందింది. ముందు కథ చదివాను, తర్వాత ఉత్తరం చదివాను, ఆ తర్వాత మళ్లీ ఉత్తరమే చదివాను.

"నేను రచయిత్రిని కాగలనా మాస్టారూ?" అని అడిగావు. పదహారేళ్ల వయసులో ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరు. పుస్తకం కనిపిస్తే అన్నం సంగతి మర్చిపోతానన్నావు, రాయకుండా ఉండలేకపోతున్నానన్నావు. ఇప్పటికి అది చాలు. నేను చెప్పగలిగింది చేతిలో ఉన్న ఈ కాగితాల గురించి.

కథ కొడైకెనాల్‌లో జరుగుతుంది. పెద్ద బంగళా, పొగమంచు, ఆరుగురు మనుషులు. ఆ ఆరుగురిదీ ఒకటే గొంతు. బంగళా యజమాని "నా హృదయం ముక్కలైపోయింది" అంటే, తోటమాలి కూడా కాస్త అటూ ఇటుగా అదే అంటాడు. మాటల పక్కనున్న పేర్లను చేత్తో మూసి చదివి చూడు. ఏ మాట ఎవరిదో నీక్కూడా తెలియదు. ఎప్పుడు సంభాషణ రాసినా ఈ పరీక్ష పెట్టుకో.

ఇక ఉత్తరం. మీ నాన్నగారు మిర్చి యార్డులో, కమీషన్ కొట్టులో గుమాస్తా అని చెప్పి, ఇలా రాశావు: "ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే మా అందరికీ తుమ్ములే. నానమ్మ ఒక్కతే తుమ్మదు. అడిగితే, నా ముక్కు కల్లంలోనే వదిలేసొచ్చానే అంటుంది." ఈ మాటకి పేరు మూయాల్సిన పని లేదు. జీవితమంతా మిరపకాయల మధ్య గడిపిన మనిషే అనగలిగిన మాట అది. కొడైకెనాల్ బంగళాలో ఇలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

దాని కిందే ఇంకో సంగతి రాశావు. దాన్ని నువ్వు పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. బాబాయి టిక్కీలు, అంటే మిరపకాయల గోతాలు, వేసుకుని యార్డుకొచ్చిన రోజు, రాత్రి ఇంటికి రాగానే నానమ్మ "ఏం పలికిందిరా?" అని అడిగింది. ఆయన "అన్నం పెట్టమ్మా, ఆకలేస్తోంది" అన్నాడు. అంతే రాసి ఆపేశావు. బాబాయి దిగులుపడ్డాడని రాయలేదు, రేటు పడిపోయిందని రాయలేదు. అయినా నాకు తెలిసింది. నానమ్మకూ తెలిసే ఉంటుంది, మళ్లీ అడిగి ఉండదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా మనిషి ఇంకోటి మాట్లాడినప్పుడు అక్కడ కథ ఉంటుంది. నీ బంగళాలో మాత్రం అందరూ అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెప్పేశారు, మనసులో ఉన్నదంతా బయటపెట్టేశారు. ఇంక చదివేవాళ్లు కనిపెట్టడానికి ఏం మిగిలింది?

నా మాటకి అర్థం కొడైకెనాల్ గురించి రాయకూడదని కాదు. చూడని ఊరు గురించీ రాయొచ్చు, లేని రాజ్యం గురించీ రాయొచ్చు. కానీ అక్కడి మనుషులకి గొంతు నువ్వే ఇవ్వాలి. ఆ గొంతులు నీ చెవిలో పడ్డవాటి నుంచే రావాలి. కథ రాసేది చేతితో అయినా, తయారయ్యేది చెవిలో. ఇన్నేళ్ల రాతలో నేను గట్టిగా నమ్మేది ఇదొక్కటే.

మన తెలుగు కథ మొదట్లోనే ఈ పని చేసింది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. అది వర్ణనతో మొదలవదు. అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన భర్త "తలుపు! తలుపు!" అని పిలిచే పిలుపుతో మొదలవుతుంది. ఆ పిలుపు వినగానే మనమూ గుమ్మం దగ్గర నిలబడతాం. ఆ ఇంట్లో నౌకరు రాముడి మాట తీరు వేరు, గోపాలరావు మాట తీరు వేరు. ఈసారి దాన్ని కళ్లతో చదవకు. గది తలుపు వేసుకుని, ఎవరి మాట వాళ్ల గొంతుతో పైకి చదువు. నూరేళ్లు దాటినా ఆ మనుషులు ఇంకా ఎందుకు బతికున్నారో తెలుస్తుంది.

వాక్యం సంగతి కూడా ఒకటి చెప్పాలి. నువ్వు ఇంగ్లీషు మీడియంలో చదివావు, ఇంగ్లీషు నవలలు ఎక్కువ చదివానన్నావు. చదువు, ఎన్నయినా చదువు. కానీ రాసేటప్పుడు ఆ భాష నడక నీ తెలుగులోకి వచ్చేస్తోంది. "ఆమె తన కళ్లలో కన్నీళ్లతో తన గదిలోకి నడిచింది" అని రాశావు. ఇదే మీ ఇంట్లో జరిగితే నానమ్మతో ఏమని చెబుతావు? "ఏడుస్తూ గదిలోకెళ్లింది" అంటావు. అలాగే రాయి. రాసింది నానమ్మకి చదివి వినిపించు. ఆవిడ "ఏంటే అదీ?" అని ఆపిన చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకో. ఊళ్లో ఏ విమర్శకుడూ నీకు అంత సాయం చేయలేడు.

కొడవటిగంటి కుటుంబరావు మీ పక్కనే తెనాలిలో పుట్టారు. 1952 నుంచి 1980 దాకా 'చందమామ'ను నడిపారు. కథ ఎవరు రాసి పంపినా, పక్కన కూర్చున్న పిల్లవాడికి చెబుతున్నట్టుండే తెలుగులోకి తిరగరాసేవారు. అంతటి రచయిత అన్నేళ్లు ఆ పనికి కూర్చున్నాడంటే తేలిక వాక్యం ఎంత కష్టమో ఆలోచించు. పాత సంచికలు దొరికితే ఒక కథ తీసుకుని, అందులో విశేషణాలు ఎన్ని ఉన్నాయో వెతుకు. నీ కథలో మొదటి పేరాలోనే మంచు "శ్వేతవర్ణ", "సుకుమార", "స్వప్నసదృశ" అయింది.

అమ్మ ఇంటర్ అయ్యేదాకా కథలు కట్టిపెట్టమందని బాధపడ్డావు. పొద్దున్నే కాలేజీ బస్సు, రాత్రిదాకా స్టడీ అవర్లు. ఆవిడ భయం ఆవిడది, ఆవిడతో పోట్లాడకు. ఈ రెండేళ్లూ నిన్ను నవలలు రాయమని నేనూ చెప్పను. చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకుని, విన్న మాటని విన్నట్టు రాసుకో. బస్సులో క్లీనరు అన్న మాట, హాస్టలు పిల్ల అమ్మకు ఫోనులో చెప్పిన అబద్ధం, సెలవుల్లో ఊరెళ్లినప్పుడు తొడిమలు తీస్తూ ఆడవాళ్లు చెప్పుకునే కబుర్లు. రోజుకి రెండు లైన్లు రాస్తే ఏ పరీక్షా పోదు. కథలు పెడతానని నువ్వు చెప్పిన ఆ యాప్‌లో ఎంతమంది చూశారన్న లెక్క మాత్రం ఇప్పుడే వద్దు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ వాళ్లకి నచ్చే గొంతులో మాట్లాడడం మొదలుపెడతావు. నీ గొంతేదో ఇంకా నీకే తెలియని వయసు ఇది.

మరి ఇప్పుడేం రాయాలంటే, బాబాయి వచ్చిన ఆ రాత్రి రాయి. నాలుగు పేజీలు దాటనివ్వకు. నీకు తెలియనిది మీ నాన్నగారిని అడుగు. గోతం మూతి విప్పి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకున్న వ్యాపారి ఏమంటాడు? తాలు ఎక్కువుందని ఎలా చెబుతాడు? అప్పుడు రైతు ఎటు చూస్తాడు? నాన్నగారు ఇవన్నీ రోజూ చూస్తారు, ఇంట్లో ఎవరూ అడగరు కాబట్టి చెప్పి ఉండరు. ఇంకోమాట, ఎలా ఉన్నా సరే చివరిదాకా రాయి. సగంలో వదిలేసిన కథలు బోలెడున్నాయని నువ్వే రాశావు. సగం కథని ఎవరూ దిద్దలేరు.

జనవరి మొదట్లో ఇక్కడ పుస్తక మహోత్సవం పెడతారు కదా, అమ్మనీ నాన్ననీ తీసుకుని ఒక ఆదివారం రా. కొత్త పుస్తకాలు అక్కడ చూద్దాం, తర్వాత లెనిన్ సెంటర్‌కి తీసుకెళ్లి పాత పుస్తకాలు చూపిస్తాను. డబ్బులన్నీ ఒక లావుపాటి నవలకి పెట్టకు. వేరువేరు జిల్లాలవాళ్లు రాసిన కథల సంపుటాలు కొనుక్కో, ఒక్కో ఊరి మాట ఒక్కోలా వినిపిస్తుంది. అప్పటికి ఆ నాలుగు పేజీలూ అయితే పట్టుకురా. నా చేతికివ్వొద్దు, నువ్వే పైకి చదివి వినిపించు.

ఇట్లు,
మీ మాస్టారు