చెత్తకుప్ప మీద సెప్టిక్ మడ్డి పోస్తే ఎరువవుతుందా?

ప్రశ్న: మా పట్టణ శివార్లలోని డంపింగ్ యార్డుకు సెప్టిక్ ట్యాంకులు తోడే ట్యాంకర్లు రోజూ నాలుగైదు వచ్చి, చెత్త మీదే మడ్డిని వదిలి వెళ్తున్నాయి. అడిగితే ‘రెండూ కలిసి కుళ్ళి ఎరువవుతాయి, విదేశాల్లోనూ ఇలాగే చేస్తారు’ అంటున్నారు. యార్డును ఆనుకునే మా పొలమూ బోరూ ఉన్నాయి. వారు చెప్పేది నిజమేనా? ఆ మడ్డిని నేరుగా పొలంలోనే పోయించుకుంటే నష్టమా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండింటినీ కలిపి ఎరువు తయారు చేయవచ్చునన్నది నిజమే. అయితే మీ యార్డులో జరుగుతున్నది ఆ పని కాదు.

సెప్టిక్ ట్యాంకు నుంచి తోడిన దానిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా నీరే ఉంటుంది. నాలుగు వేల లీటర్ల ట్యాంకరు ఖాళీ అయిందంటే, ఇంచుమించు నాలుగు వేల లీటర్ల మురుగునీటిని కుప్ప నెత్తిన కుమ్మరించినట్టే లెక్క. మన ఇళ్ళ చెత్త బరువులో దాదాపు సగం ముందే తడి. ఆ పైన పడిన నీరు ప్లాస్టిక్ సంచులు, పాత బ్యాటరీలు, మందుసీసాల మధ్యగా కిందికి దిగి, అన్నిటి సారాన్నీ తనలో కలుపుకొని లీచేట్ అనే ఊటనీరుగా మారుతుంది. యార్డులో పల్లంగా ఉన్న మూలకు వెళ్ళి చూడండి. కాఫీ డికాషన్ రంగులో, అంచున నురగతో చిన్న కాలువ కనిపిస్తుంది. అడుగున పొర పరిచి, ఆ ఊటను గొట్టాలతో పట్టి శుద్ధి చేసే చోటినే ల్యాండ్‌ఫిల్ అనాలి. మనం డంపింగ్ యార్డులన్నిటికీ ఆ పేరు పెట్టేస్తున్నాం.

విదేశాల సంగతికి వస్తే, అమెరికాలో 1991 నాటి నియమాలు ద్రవరూప వ్యర్థాలను ల్యాండ్‌ఫిల్‌లో కుమ్మరించడాన్ని నిషేధించాయి. ఇళ్ళ వ్యర్థాలకు కొంత సడలింపు ఇస్తూనే, సెప్టిక్ ట్యాంకు మడ్డిని మాత్రం ఆ సడలింపు నుంచి పేరు పెట్టి మరీ మినహాయించాయి. అక్కడ మడ్డిని పాతిపెట్టాలంటే ముందు నీరు పిండాలి. రంగులు వడగట్టే జల్లెడలో వంద గ్రాములు వేసి అయిదు నిమిషాలు ఉంచితే ఒక్క చుక్క కూడా కిందపడకూడదు. మన దేశంలోనూ 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు, ఇక దేనికీ పనికిరాని, కుళ్ళని మిగులు మాత్రమే ల్యాండ్‌ఫిల్‌కు వెళ్ళాలన్నాయి. వంటింటి చెత్త కూడా అక్కడికి చేరకూడదు.

సరైన పద్ధతి వేరు. మడ్డిని ముందుగా ఇసుక మళ్ళలో ఆరబెట్టి, ప్లాస్టిక్, గాజు ఏరివేసిన తడిచెత్తతోనూ ఎండుటాకులతోనూ తగిన పాళ్ళలో కలిపి కుప్ప వేస్తారు. గాలి ఆడేలా తిరగేస్తూ ఉంటే కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. పెంటకుప్పలో గుచ్చిన గునపాన్ని కాసేపటికి లాగి, కొన పట్టుకోలేనంతగా కాలిందో లేదో చూసిన పెద్దలకు ఈ వేడి కొత్తేమీ కాదు. బంగ్లాదేశ్‌లోని కుష్టియా పట్టణంలో మలమడ్డిని, ఊరి చెత్తను ఇలా కలిపి ఎరువు చేస్తున్నారు. ఎరువు మాట అటుంచి, మడ్డిని శుద్ధి చేయడానికైనా మనకు దారులున్నాయి: కర్ణాటకలోని దేవనహళ్ళిలో 2015 నుంచి ప్రత్యేక కేంద్రం ఉంది, వరంగల్ నగరపాలక సంస్థ 2016లోనే మలమడ్డికి నిబంధనలు తెచ్చింది, మీ జిల్లాలోని నరసాపురంలోనూ శుద్ధి కేంద్రం పెట్టారు.

ఇక పొలం మాట. పచ్చి మడ్డిని పోయించుకోవద్దు. అందులోని ఏలికపాముల గుడ్లు మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. వాటిని నమ్మకంగా చంపేది ఆ కుప్ప వేడే. ఆకుకూరల మళ్ళకైతే ఆ ఆలోచనే వద్దు.

ముందుగా మీ బోరు నీటిని పరీక్ష చేయించండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించినా, కోలిఫాం బ్యాక్టీరియా కనిపించినా ఆ నీరు తాగడం ఆపేయండి. ఆ నివేదిక నకలు జతచేసి పురపాలక కమిషనరుకూ, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికీ ఫిర్యాదు రాయండి. వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయిస్తే ఊట మీ వైపు వస్తున్నదీ లేనిదీ తేలుతుంది.