సీడీ3 యాంటీబాడీ ఇచ్చినా టీ కణాల నుంచి ఐఎల్-2 ఎందుకు రావట్లేదు?

శుద్ధి చేసిన టీ కణాలకు (రోగనిరోధక తెల్లరక్తకణాలకు) సీడీ3 (వాటి మీదున్న మొదటి మీట) యాంటీబాడీ ఒక్కటే ఇచ్చి, ప్రొటీన్లను కొలిచే ఎలైజా పరీక్షలో ఐఎల్-2 (టీ కణాలు విడుదల చేసే సంకేత ప్రొటీన్) దాదాపు సున్నా అంటున్నారు. టీ కణం మీదున్న రెండో మీట, సీడీ28, నిజంగా అంత ముఖ్యమా అని కదా మీ ప్రశ్న. ముఖ్యమే. ఈ దెబ్బ నేనూ తిన్నాను.

పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో, రక్తం నుంచి తీసిన మోనోన్యూక్లియర్ కణాలన్నిటినీ కలిపి పెడితే ఐఎల్-2 బాగానే వచ్చేది. అదే యాంటీబాడీ శుద్ధమైన టీ కణాల మీద పనిచేయలేదు. పాడైందేమోనని కొత్త వయల్ తెప్పించాను, ప్లేట్లు మార్చాను, మూడు వారాలు పోయాయి. చివరికి ఓ సీనియర్ "శుద్ధి చేసేటప్పుడు ఏం పారేశావు?" అని అడిగారు. మోనోసైట్లు అనే తెల్లరక్తకణాలు! వాటి మీదున్న సీడీ80, సీడీ86 ప్రొటీన్లు అన్నాళ్లూ నాకు తెలియకుండానే సీడీ28ని తడుతూ వచ్చాయి. యాంటీబాడీ తోక పట్టుకుని సీడీ3లను ఒకచోటికి చేర్చిందీ అవే.

ఐఎల్-2 జన్యువు గట్టిగా పనిచేయాలంటే, జన్యువులను ఆన్ చేసే ప్రొటీన్లు ఎన్‌ఫాట్, ఏపీ-1, ఎన్‌ఎఫ్ కప్పా-బీ మూడూ కావాలి. సీడీ3తో కాల్షియం పెరిగి ఎన్‌ఫాట్ కేంద్రకంలోకి వెళ్తుంది గానీ మిగతా రెండూ చాలవు. ఆ లోటు తీర్చేది సీడీ28. పైగా ఐఎల్-2 ఎంఆర్ఎన్ఏ (ప్రొటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) త్వరగా నశించే రకం. సీడీ28 సంకేతం దాని ఆయుష్షు కూడా పెంచుతుంది. ఎన్‌ఫాట్ ఒంటరిగా మిగిలితే కణం అనర్జీలోకి, అంటే మళ్లీ ఉత్తేజపరిచినా స్పందించని స్థితిలోకి జారుతుంది. అందుకే ఇప్పుడున్న కణాలకే తర్వాత సీడీ28 జోడించి బాగుచేద్దామనుకోకండి, కొత్తవి తీసుకోండి.

సీడీ28 లాంటి కోస్టిమ్యులేటరీ (తోడు సంకేతమిచ్చే) గ్రాహకాలన్నీ ఒకే పని చేయవు. ఐకాస్ అనే గ్రాహకం సీడీ28కి దగ్గరి చుట్టమే అయినా ఐఎల్-2ని పెద్దగా పెంచదు, ఐఎల్-10, ఐఎల్-21 అనే వేరే సంకేత ప్రొటీన్ల వైపు మొగ్గుతుంది. సీడీ28 తోకలో గ్రబ్2 అనే ప్రొటీన్ అతుక్కునే చోట, ఐకాస్‌లో ఒక్క అమైనో ఆమ్లం వేరు. అంత చిన్న తేడాకి ఇంత ఫలితం! 4-1బీబీ అనే మరో గ్రాహకం సీడీ8 కణాల్లో (సోకిన కణాలను చంపే టీ కణాల్లో) ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్‌ను పెంచుతుంది, కానీ కణం ఉత్తేజితమయ్యాకే అది పైకి వస్తుంది. మొదటి రోజే దాని యాంటీబాడీ వేసి లాభం లేదు.

ప్లేటుకు సీడీ3 యాంటీబాడీ పూత వేసి, సీడీ28ది ద్రవంలో కలపండి. సీడీ28 ఒక్కటే ఉన్న బావి కూడా తప్పక పెట్టండి, అందులో ఏమీ రాకూడదు. మామూలు సీడీ28 యాంటీబాడీ ఒంటరిగా టీ కణాన్ని లేపదు. లేపగల రకాన్ని, టీజీఎన్1412ని, 2006లో లండన్‌లో ఆరుగురు వాలంటీర్లకు ఇస్తే గంటల్లోనే సైటోకైన్ (సంకేత ప్రొటీన్ల) తుఫాను లేచి అందరూ ఐసీయూ పాలయ్యారు.

ఐఎల్-2 కోసం సూపర్‌నేటెంట్ (కణాల పైనున్న ద్రవం) 24 గంటలకే తీయండి. ఆలస్యమైతే ఆ కణాలే దాన్ని తాగేస్తాయి. ఇంటర్‌ఫెరాన్ గామాకైతే 72 గంటలు ఆగొచ్చు. రక్తదాతల మధ్య తేడా ఎక్కువుంటే మెమరీ కణాల (ఇదివరకే ఒకసారి ఉత్తేజితమైన టీ కణాల) శాతం చూడండి, వాటికి సీడీ28 అవసరం కాస్త తక్కువ.