బంగారాన్ని పట్టే బ్యాక్టీరియా: ఈ రంగంలోకి దారేది?

ప్రశ్న: బీఎస్సీ మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నీటిలో కరిగిన బంగారాన్ని బ్యాక్టీరియా లోహంగా మారుస్తుందని చదివాను. ఇందులో పరిశోధన చేయాలని ఉంది. నాన్నగారు నమ్మడం లేదు. – ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: మీరు చదివింది నిజమే. అయితే ఇంట్లో 'బ్యాక్టీరియా బంగారం తయారు చేస్తుంది' అని చెప్పకండి. లేని బంగారాన్ని ఏ జీవీ పుట్టించలేదు. ద్రావణంలో ఉన్న బంగారు అయాన్లను (విద్యుదావేశమున్న పరమాణువులను) బ్యాక్టీరియా పట్టి, ఎలక్ట్రాన్లు అందించి లోహంగా మారుస్తుంది. ఈ తేడా విడమరిచి చెబితే నాన్నగారి అనుమానం చాలావరకు తీరుతుంది.

అయాన్లను పట్టుకోవడానికి కణం బతికి ఉండనక్కర్లేదు. కణకవచంపై ఉండే కార్బాక్సిల్, అమైన్ అనే రసాయన సమూహాలకు అయాన్లు అంటుకుంటాయి. ఎండిన క్లోరెల్లా అనే శైవలం (నాచు) కూడా ఆ పని చేస్తుంది. లోహంగా మార్చడం ఇంకా ఆసక్తికరం. కుప్రియావిడస్ మెటాలిడ్యురాన్స్ అనే బ్యాక్టీరియాకు బంగారు అయాన్లు విషం. ఆ విషం నుంచి తనను కాపాడుకుంటూ వాటిని నానో కణాలుగా, అంటే అతిసూక్ష్మ లోహ రేణువులుగా మారుస్తుంది. ఆస్ట్రేలియాలో దొరికిన బంగారు రేణువులపై ఇది ఉన్నట్టు ఫ్రాంక్ రీత్ బృందం 2006లో వెల్లడించింది. డెల్ఫ్టియా ఆసిడోవొరాన్స్ అనే మరో బ్యాక్టీరియా పద్ధతి నాకు మరీ ఇష్టం: డెల్ఫ్టిబాక్టిన్ అనే పదార్థాన్ని వదిలి, బంగారాన్ని కణం బయటే ఘనరూపంలోకి దించేస్తుంది. మన పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు కూడా వెర్టిసీలియం శిలీంధ్రంతో బంగారు నానో కణాలు రాబట్టి, 2001లో ప్రచురించారు.

ఇక ఉద్యోగాల సంగతి. ఈ పని హైడ్రోమెటలర్జీ (ద్రావణాల ద్వారా లోహాలను తీసే విద్య), ఈ-వ్యర్థాల శుద్ధి, పర్యావరణ బయోటెక్నాలజీ పేర్లతో దొరుకుతుంది. పాత సర్క్యూట్ బోర్డులను ఆమ్లంలో కరిగిస్తే బంగారం కొద్దిగా, రాగి విపరీతంగా వస్తుంది. ఆ కలగాపులగంలోంచి ఒక్క బంగారాన్నే ఎంచి తీయడమే అసలు సవాలు. అందుకే కెమిస్ట్రీని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి.

పీజీకి ఐఐటీ జామ్, గాట్-బీ ప్రవేశ పరీక్షలు రాయండి. ఆ తర్వాత పీహెచ్‌డీ కోసం సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. పీజీతో ఆగితే ఇక్కడ అవకాశాలు తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది. ఈ మాట నాన్నగారికి ముందే చెప్పండి. హైదరాబాద్‌లోని సీ-మెట్, భువనేశ్వర్‌లోని ఐఎంఎంటీ, జంషెడ్‌పూర్‌లోని ఎన్ఎంఎల్ అనే పరిశోధన సంస్థల పనులను గమనిస్తూ ఉండండి.

డిగ్రీ ప్రాజెక్టుకు బంగారం అక్కర్లేదు, సిల్వర్ నైట్రేట్ చాలు. క్లోరైడ్ ఉన్న మాధ్యమం (కణాలను పెంచే ద్రవం) వాడకండి, వెండి తెల్లటి అవక్షేపంగా దిగిపోతుంది. పోల్చడానికి కణాలు లేని ఫ్లాస్కు ఒకటి, చంపిన కణాలున్నది ఒకటి పక్కనే పెట్టండి. మాధ్యమంలోని చక్కెరలు కూడా వెండిని క్షయకరించగలవు (ఎలక్ట్రాన్లు ఇచ్చి లోహంగా మార్చగలవు) కాబట్టి, ఆ రెండు ఫ్లాస్కులూ లేకుండా బ్యాక్టీరియా వల్లే ద్రావణం రంగు మారిందని రాస్తే ఏ పరీక్షకుడూ ఒప్పుకోడు.