చేతికి రాని డివిడెండ్‌ని కూడా టాక్స్ రిటర్న్‌లో చూపించాలా?

చూపించాలి. బ్రిటన్‌లో ఐసాలో (పన్ను పడని పొదుపు, పెట్టుబడి ఖాతా) ఏడాదికి ఉండే 20,000 పౌండ్ల పరిమితి నిండిపోయాక మిగిలిన డబ్బుతో మామూలు ఖాతాలో ఒక అక్యుములేషన్ ఫండ్, ఒక ఈటీఎఫ్ (షేర్లలా ఎక్స్చేంజ్‌లో కొనే ఫండ్) కొన్నానని, ఏదీ అమ్మలేదని, బ్యాంకులోకి ఒక్క పౌండ్ కూడా రాలేదని, అలాంటప్పుడు సెల్ఫ్ అసెస్‌మెంట్‌లో (మనమే వేసే టాక్స్ రిటర్న్) రాయడానికి ఏముంటుందని మీరు అడిగారు. నేనూ సరిగ్గా ఇలాగే అనుకుని, తర్వాత వేసేసిన రిటర్న్‌ని మళ్లీ సరిదిద్దుకోవాల్సి వచ్చింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అక్యుములేషన్ అన్నంత మాత్రాన డివిడెండ్ లేదని కాదు. ఫండ్ లోపలున్న కంపెనీలు డివిడెండ్లు ఇస్తూనే ఉంటాయి, ఫండ్ వాళ్లు వాటిని మన చేతికివ్వకుండా మళ్లీ ఫండ్‌లోనే పెడతారు, అంతే తేడా. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ లెక్కలో మాత్రం ఆ డబ్బు మీకు వచ్చినట్టే. ఐసాలోనో పెన్షన్‌లోనో ఉంటే ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు, బయట ఉంటే ఏటా లెక్క చెప్పాల్సిందే. ఫండ్‌లో 60 శాతం కంటే ఎక్కువ బాండ్లు, డిపాజిట్ల లాంటివి ఉంటే మాత్రం వచ్చింది డివిడెండ్ కాదు, వడ్డీ కింద లెక్క, దాన్ని వడ్డీ గడిలోనే రాయాలి.

ఇంతవరకూ బ్రిటన్‌లో నమోదైన ఫండ్ల సంగతి. వీటికి మీ ప్లాట్‌ఫామ్ (మీరు ఫండ్లు కొన్న ఆన్‌లైన్ సంస్థ) ఏడాది చివర ఇచ్చే టాక్స్ సర్టిఫికెట్‌లో అంకెలు ఉంటాయి, చూసి ఎక్కించడమే. కొన్న తర్వాత వచ్చే మొదటి డివిడెండ్ పక్కన ఈక్వలైజేషన్ అని ఒక అంకె కనిపిస్తే అది ఆదాయం కాదు, మీరు కొన్న ధరలోనే కలిసి ఉన్న మీ సొంత డబ్బు, దాని మీద పన్ను కట్టకండి.

నేను దెబ్బతిన్నది ఈటీఎఫ్ దగ్గర. మీ ఈటీఎఫ్‌కి ఐఎస్ఐఎన్ అనే గుర్తింపు నంబర్ ఉంటుంది కదా, దాని మొదటి రెండు అక్షరాలు చూడండి. ఐఈ అంటే ఐర్లండ్, ఎల్‌యూ అంటే లక్సెంబర్గ్. లండన్ స్టాక్ ఎక్స్చేంజ్‌లో పౌండ్లలోనే కొన్నా సరే, పన్ను దృష్టిలో అది విదేశీ ఫండ్. అలాంటి ఫండ్ సంపాదించిన ఆదాయంలో చేతికి పంచకుండా ఉంచుకున్న భాగాన్ని ఎక్సెస్ రిపోర్టబుల్ ఇన్‌కమ్ అంటారు. ఫండ్ లెక్కల సంవత్సరం ముగిసిన రోజున మీ దగ్గర ఎన్ని షేర్లు ఉన్నాయో చూసి, ఒక్కో షేరుకి ఫండ్ కంపెనీ ప్రకటించిన మొత్తంతో గుణించాలి. ఆ ఆదాయం మీకు అందినట్టు లెక్కేసే తేదీ మాత్రం ఆ ముగింపు నుంచి సరిగ్గా ఆరు నెలల తర్వాత. ఈ ఆరు నెలల తేడా వల్లే ఏ టాక్స్ సంవత్సరంలో (ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు) చూపించాలో చాలామంది తప్పు చేస్తారు.

నా లెక్కే చెప్తాను. నా ఈటీఎఫ్ సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, 2023 జూన్ 30న నా దగ్గర 1,200 షేర్లు ఉన్నాయి, షేరుకి 0.90 డాలర్లు ప్రకటించారు. అంటే 1,080 డాలర్లు. 2023 డిసెంబర్ 31న అందినట్టు లెక్క కాబట్టి ఆ తేదీ మారకం ప్రకారం సుమారు 850 పౌండ్లు, 2023-24 రిటర్న్‌లోకి వెళ్లాలి. నా ప్లాట్‌ఫామ్ ఇచ్చిన సర్టిఫికెట్‌లో ఈ అంకె లేనే లేదు, దాన్ని నమ్మి నేను రాయలేదు. బ్రిటన్ ఫండ్ల నుంచి నాకు ఇంకో 700 పౌండ్ల డివిడెండ్ ఉంది, ఆ సంవత్సరం డివిడెండ్ అలవెన్స్ (పన్ను పడని డివిడెండ్ పరిమితి) 1,000 పౌండ్లే, కాబట్టి 550 పౌండ్ల మీద నా స్లాబ్‌కి 33.75 శాతం చొప్పున 185 పౌండ్ల చిల్లర తక్కువ కట్టినట్టయింది. మొత్తం పెద్దదేం కాదు, కానీ తెలిసిన రోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. తీరా చూస్తే సరిదిద్దడం చాలా సులువు. ఆన్‌లైన్ గడువు జనవరి 31 కదా, ఆ తేదీ నుంచి పన్నెండు నెలల వరకు మనమే లాగిన్ అయి రిటర్న్ మార్చుకోవచ్చు. నేను 2025 వేసవిలో మార్చాను, మిగిలిన పన్నూ దాని మీద కొంచెం వడ్డీ కట్టాను, అంతటితో అయిపోయింది. మీరు అసలు ఇంతవరకూ రిటర్నే వేయకపోతే, టాక్స్ సంవత్సరం ముగిశాక వచ్చే అక్టోబర్ 5 లోపు నమోదు చేసుకోవాలని గుర్తుపెట్టుకోండి.

ఈటీఎఫ్ ఎక్సెస్ రిపోర్టబుల్ ఇన్‌కమ్ అంకె ఎక్కడ దొరుకుతుందంటే, ఫండ్ కంపెనీ వెబ్‌సైట్‌లో బ్రిటన్ ఇన్వెస్టర్ల కోసం పెట్టే రిపోర్టబుల్ ఇన్‌కమ్ పట్టికలో. ఫండ్ పేర్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, పేరుతో కాకుండా ఐఎస్ఐఎన్‌తో వెతకండి. రిటర్న్‌లో విదేశీ ఆదాయం పేజీల్లో రాయాలి. ఇప్పుడు డివిడెండ్ అలవెన్స్ 500 పౌండ్లకి తగ్గిపోయింది, పైగా 2026 ఏప్రిల్ నుంచి బేసిక్ రేటు వాళ్లకి 10.75, హయ్యర్ రేటు వాళ్లకి 35.75 శాతం. ఒకప్పుడు 2,000 పౌండ్ల అలవెన్స్‌లో ఇదంతా మునిగిపోయేది, ఇప్పుడు ఓ మోస్తరు పొదుపు ఉన్నవాళ్లకి కూడా తగులుతోంది.

ఇక దయచేసి వదిలేయొద్దని నేను బతిమాలే విషయం ఒకటుంది. ఇలా చూపించిన ఆదాయాన్ని మీరు కొన్న ధరకి కలుపుకోవచ్చు. ఎక్సెస్ రిపోర్టబుల్ ఇన్‌కమ్ అయినా, బ్రిటన్ అక్యుములేషన్ యూనిట్లలో చేరిన డివిడెండ్ అయినా సరే (ఈక్వలైజేషన్ మాత్రం కలపకూడదు, అది ధరలో ముందే ఉంది). ఉదాహరణకి 20,000 పౌండ్లకి కొన్నారు, ఏళ్లు గడిచేకొద్దీ 2,000 పౌండ్ల ఆదాయం చూపించి పన్ను కట్టారు, చివరికి 27,000కి అమ్మారు. లాభం 7,000 కాదు, 5,000. ఆ 2,000 కలపడం మర్చిపోతే లాభం మీద 24 శాతం పన్ను రేటులో ఉన్నవాళ్లు 480 పౌండ్లు ఊరికే రెండోసారి కట్టినట్టు. దీన్ని మీ తరఫున ఎవరూ గుర్తుపెట్టుకోరు. అమ్మేది పదేళ్ల తర్వాత అయినా కావచ్చు, అందుకే ఇవాళే ఒక స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టండి, తేదీ, షేర్ల సంఖ్య, షేరుకి ఎంత, మారకం రేటు, పౌండ్లలో ఎంత. నేను ఫండ్ కంపెనీ పెట్టే రిపోర్టబుల్ ఇన్‌కమ్ పట్టిక పీడీఎఫ్ కూడా ఏటా దించుకుని దాచుకుంటున్నాను, ఎందుకంటే పాతవి వెబ్‌సైట్లలో ఎప్పుడూ ఉంటాయన్న నమ్మకం లేదు.

అమ్మే సమయానికి ఏడాదికి 3,000 పౌండ్ల వరకు లాభానికి మినహాయింపు ఉంది. నేను ఏటా ఏప్రిల్ 5 లోపు ఆ మేరకు అమ్మి, అదే ఫండ్‌ని ఐసాలో కొంటున్నాను. అమ్మిన ఫండ్‌ని ముప్పై రోజుల్లోపు బయటి ఖాతాలోనే మళ్లీ కొంటే లెక్క తారుమారవుతుంది, ఐసాలో కొంటే ఆ ఇబ్బంది లేదు. భార్యాభర్తలు కలిసి ఉంటే అప్పటికి పన్ను లేకుండానే ఒకరి పేరు మీద నుంచి ఇంకొకరి పేరు మీదకి మార్చుకోవచ్చు, అప్పుడు ఇద్దరి మినహాయింపూ వాడుకోవచ్చు.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి. ఆ ఈటీఎఫ్ హెచ్ఎంఆర్‌సీ ప్రచురించే రిపోర్టింగ్ ఫండ్ల (తమ ఆదాయం లెక్క హెచ్ఎంఆర్‌సీకి చెప్పే విదేశీ ఫండ్లు) జాబితాలో ఉందో లేదో. లేకపోతే అమ్మినప్పుడు వచ్చే లాభం మొత్తం మామూలు ఆదాయంలా, మీ జీతం స్లాబ్ రేటుకే పన్ను పడుతుంది, ఆ 3,000 మినహాయింపు కూడా వర్తించదు. ఇండియాలో మీ పేరు మీద పాత మ్యూచువల్ ఫండ్లు ఏమైనా ఉంటే వాటినీ ఈ జాబితాలో వెతకండి, వాటిలో చాలావరకు అందులో ఉండవు. ఆ మొత్తం పెద్దదైతే, అమ్మకానికి పెట్టేముందే ఇక్కడి పన్ను రూల్స్ తెలిసిన అకౌంటెంట్‌తో ఓ గంట కూర్చోండి.