ట్యూబులైటు కొట్టుకుంటోందా? ముందు స్టార్టరు చూడు

అమ్మాయీ,

అనంతపురంలో మీరు చేరిన అద్దె ఇంట్లో హాలు ట్యూబులైటు టపటపా కొట్టుకుంటోందనీ, అల్లుడు కొత్త ట్యూబు కొనడానికి బయలుదేరుతున్నాడనీ రాశావు. ఆగమను. అందరూ ముందు ట్యూబునే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు స్టార్టరుది, దాని ఖరీదూ తక్కువే.

ట్యూబును బిగించిన పట్టీకి గుచ్చి ఉండే చిన్న గుండ్రటి డబ్బీయే స్టార్టరు. అందులో ఓ గాజు బుడ్డి, బుడ్డిలో రెండు లోహాలు అతికించిన సన్నటి రేకు ఉంటాయి. స్విచ్చి వేయగానే రేకు వేడెక్కి వంగి ఎదుటి ముక్కను తాకుతుంది. అప్పుడు ట్యూబు రెండు కొసల్లోని తీగలు కాగుతాయి. రేకు చల్లారి విడిపోయిన క్షణంలో చోకు, అంటే పట్టీలో ఉండే తీగచుట్ట, ఒక్కసారిగా వోల్టేజీ పెంచి ట్యూబును వెలిగిస్తుంది. ఇక స్టార్టరుకు పని లేదు. అది పాడైతే మాత్రం తాకడం, విడిపోవడం సాగుతూనే ఉంటుంది. కొసలు మాత్రమే వెలిగి నడుమ చీకటిగా ఉంటే రేకు అతుక్కుపోయిందన్నమాట.

మెయిన్ ఆపి, స్టార్టరును ఎడమవైపుకు తిప్పితే ఊడివస్తుంది. వంటింటి ట్యూబుది తెచ్చి పెట్టి చూడండి. అప్పటికీ కొట్టుకుంటే ట్యూబును హోల్డర్లలో కొంచెం తిప్పి సరిగ్గా కూర్చోబెట్టండి. కొసలు బాగా నల్లబడి ఉంటే అప్పుడు కొత్త ట్యూబు తెమ్మను. చోకు కమురు వాసన వేస్తే మీరు ముట్టుకోవద్దు. అసలు స్టార్టరే కనిపించకపోతే అది ఎలక్ట్రానిక్ చోకు, దాని లెక్క వేరు.

ఇంకొక్కటి గమనించు. రాత్రి కొట్టుకునే ట్యూబు తెల్లవారుజామున ఒక్క దెబ్బకు వెలుగుతోందా? అయితే నేరం వోల్టేజీది. ఇంటికి రావలసింది 230 వోల్టులు. వేసవి రాత్రి వీధి వీధంతా కూలర్లు, ఏసీలు వేశాక అంత ఎక్కడ అందుతుంది? ఇంట్లోని దీపాలన్నీ ఒకసారి మందగించి, ఒకసారి మరీ ప్రకాశంగా వెలిగితే మాత్రం న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, వదులైందేమోనని భయపడాలి. వెంటనే మెయిన్ ఆపేసి కరెంటువాళ్ల ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయండి. అల్లుణ్ణి మాత్రం స్తంభం దగ్గరకు పోనీయకు, అతని హుషారు నాకు తెలుసు.

ఎన్నాళ్లయినా కొట్టుకోనీలే అని వదిలేయకండి. కొట్టుకున్న ప్రతిసారీ కొసల్లోని తీగల పూత రాలుతుంది, చోకూ వేడెక్కుతుంది.

ఎల్‌ఈడీకి మారతామంటే మంచిదే. పాత పట్టీలోనే ఎల్‌ఈడీ ట్యూబు వేయాలంటే చాలా రకాలకు చోకు తప్పించి వైర్లు మార్చాలి. అది ఎలక్ట్రీషియన్ పని. ఖర్చు ఇంటివాళ్లను అడగండి, పట్టీ వాళ్లదే కదా.

పెదనాన్న