రొయ్యల పరీక్ష కిట్ చేయాలంటే జీనోమ్ వ్యాలీకి రావాలా, భీమవరంలోనే మొదలుపెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అయిపోయింది, రొయ్యల్లో ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి జబ్బును చెరువు గట్టు మీదే పట్టేసే చవక కిట్ చేయాలనుంది. భీమవరంలో షెడ్డు అద్దెకు తీసుకోవాలా, హైదరాబాద్ శివార్లలో బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీలో, ల్యాబులు అద్దెకిచ్చే ఏదైనా పార్కులో చేరాలా? అక్కడి అద్దె చూస్తే భయమేస్తోంది అన్నారు.

ఆ లెక్క మేమూ వేశాం. కోళ్ల జబ్బులకు పరీక్ష కిట్లు చేసే చిన్న కంపెనీ మాది, ముగ్గురం మొదలుపెట్టాం. అద్దె కలిసొస్తుందని ఊరి చివర ఒక షెడ్డు తీసుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సోమవారం పొద్దున నేను తాళం తీసేసరికి మైనస్ ఎనభై ఫ్రీజర్ కింద నీళ్లు. తలుపు తీస్తే అట్టపెట్టెలు మెత్తబడి ఉన్నాయి, ట్యూబుల మీద రాసిన సిరా కారిపోయింది. ఫారాలు తిరిగి రెండేళ్లు పోగేసిన మూడు వందల పైచిలుకు సీరం (రక్తం నుంచి తీసిన) శాంపిళ్లలో ఏది ఏ ఫారానిదో తెలియలేదు. తెలిసినవి కూడా పనికిరాలేదు. ఆ రోజు నా పార్ట్‌నర్ ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాతే జీనోమ్ వ్యాలీలోని తుర్కపల్లిలో ఒక పార్కులో రెండు ల్యాబ్ బెంచీల చోటు తీసుకున్నాం. సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో బస్సెక్కితే కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట దాటాక వస్తుంది. చదరపు అడుగు లెక్కన పోలిస్తే షెడ్డే చవక, అందులో సందేహం లేదు. కానీ ఆ అద్దెలో జనరేటర్ ఉంది, ఆవిరితో పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఉంది, ప్రయోగశాల వ్యర్థాలను పద్ధతిగా పట్టుకెళ్లే ఏర్పాటు ఉంది, మేం జన్మలో కొనలేని పరికరాల మీద గంటల లెక్కన పని చేసుకునే వీలుంది. వీటన్నిటినీ విడివిడిగా సమకూర్చుకోవాలంటే ఎంతవుతుందో ఒక కాగితం మీద రాసుకుని అప్పుడు పోల్చండి.

కాగితం మీదికి ఎక్కనిది ఇంకొకటుంది. ఒక రాత్రి తొమ్మిదింటికి జబ్బు క్రిమి జన్యువును గుర్తించే పీసీఆర్ పరీక్షకు మేం వాడే ఎంజైమ్ అయిపోయింది, కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుంది. ఎదురు ల్యాబ్‌లో ఉన్నాయన ఐసు బకెట్లో ట్యూబు పెట్టి తెచ్చిచ్చారు. ఆయన చేసేది క్యాన్సర్ మందుల మీద పని, మా కోళ్లతో సంబంధమే లేదు. మా ఫలితాలు చూసి, పోల్చి చూడడానికి పెట్టుకున్న మా కంట్రోల్ శాంపిల్ సరిగ్గా లేదని చెప్పింది కూడా ఆయనే. షెడ్డులో ఉంటే ఆ తప్పుతోనే ఇంకో ఆర్నెల్లు గడిపేవాళ్లం.

ఇలాంటి ఇరుగుపొరుగు రాత్రికి రాత్రి రాదు. జీనోమ్ వ్యాలీకి 1999లో పునాది పడింది. అదే ఏడు ప్రభుత్వం, ఐసీఐసీఐ కలిసి మొదలుపెట్టిన నాలెడ్జ్ పార్కే ఇప్పటి ఐకేపీ, రెండు వందల ఎకరాలది. కానీ దానికి చాలా ముందే హైదరాబాద్‌లో రసాయన పరిశోధనల ఐఐసీటీ, జీవకణ పరిశోధనల సీసీఎంబీ ఉన్నాయి, పటాన్‌చెరులో 1972 నుంచి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చిందంటే, తొలినాళ్లలో వాళ్లకు సీసీఎంబీలో చోటు దొరకడం చిన్న సంగతి కాదు. ప్రభుత్వ సాయమంటే భూమి, పన్ను రాయితీ అనుకుంటారు. నా మట్టుకు నాకు ఆ పాత ప్రయోగశాలలే అసలైన సాయం. అక్కడ పనిచేసి బయటికొచ్చిన వాళ్లే ఈ ప్రాంతంలో సగం మందికి గురువులు.

డబ్బు సంగతికొస్తే, మీ దశకు సరిపోయేది కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ అనే గ్రాంటు పథకం. పద్దెనిమిది నెలలకు 50 లక్షల దాకా ఇస్తారు, ఏటా జనవరి 1, జులై 1 తేదీల్లో దరఖాస్తులు తెరుస్తారు. దరఖాస్తులో మార్కెట్ గురించి పేజీలు నింపకండి, మీ కిట్ పనిచేస్తుందని ఎలా రుజువు చేస్తారో రాయండి. ఏ గ్రాంటైనా విడతలుగానే వస్తుంది. మాకొచ్చిన ఒక గ్రాంటులో, అది ఎవరిదో ఇక్కడ చెప్పను, రెండో విడత నాలుగు నెలలు ఆలస్యమైంది. ఆ నాలుగు నెలలు మా దగ్గర పనిచేసే అబ్బాయిలకు జీతాలివ్వడానికి నా భార్య బంగారం బ్యాంకులో పెట్టాం. అందుకే కనీసం ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోకుండా దిగొద్దని గట్టిగా చెబుతున్నాను.

పార్కులో చేరే ముందు ఇంకొకటి అడగండి: వాళ్లకు జన్యుమార్పిడి పనుల భద్రతను చూసే బయోసేఫ్టీ కమిటీ ఉందా, మీ పని దాని కిందికి వస్తుందా అని. జన్యుమార్పిడి చేసిన బ్యాక్టీరియాతో ప్రోటీన్ తయారు చేయబోతే కేంద్రం 1989 నిబంధనల ప్రకారం ఆ కమిటీ ఉండి తీరాలి, అందులో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) ప్రతినిధి కూడా ఉండాలి. దీన్ని సొంతంగా వేసుకోవడానికి పట్టే కాలం మీరు ఊహించరు.

ఇంత చెప్పినా, మిమ్మల్ని భీమవరం వదిలి రమ్మనడం లేదు. ఈహెచ్‌పీ రొయ్యను ఒక్కసారిగా చంపదు, ఎదగనివ్వదు. మేత తింటూనే ఉంటుంది, అమ్మకానికి కావలసిన సైజు (కౌంటు) రాదు, రైతుకు సంగతి తెలిసేసరికి మేత డబ్బంతా నీళ్ల పాలవుతుంది. ఆ బాధ తెలిసిన రైతులు, రోజూ రొయ్య పిల్లను పరీక్షించే పీసీఆర్ ల్యాబులు మీ చుట్టూ ఉన్నాయి. అది తుర్కపల్లిలో ఎవరికీ లేని ఆస్తి. కాబట్టి కిట్ తయారీ ఇక్కడి బెంచీ మీద, పరీక్షించడం అక్కడి చెరువుల మీద. మీ జట్టులో ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉంటే సరిపోతుంది.

దరఖాస్తు రాసేలోపే శాంపిళ్లు పోగేయడం మొదలుపెట్టండి. ప్రతిదానికీ పీసీఆర్ ల్యాబు ఫలితం జతచేయండి. ట్యూబు మీద పెన్నుతో రాయకండి, చలికి ఊడని లేబుల్ అంటించండి. ప్రతి శాంపిల్‌నూ రెండు భాగాలు చేసి, రెండు వేర్వేరు చోట్ల ఫ్రీజర్లలో పెట్టండి.